పెద్దమ్మ జిగురు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నా కూతురు నా ఒళ్ళో ఏడ్చి, దాని ఒళ్ళో ఊరుకుంటుందేమోనని. నిజానికి దానికి ఒడి లేదు. కళ్ళు లేవు, చెవులు లేవు, గుండె కూడా లేదని ఇందుమతి మేడమ్ చెప్పారు. గుండె లేనిదాన్ని చూసి ఇంతగా కుళ్ళుకున్న ఆడది మా పేటలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా పేరు నూకరత్నం. మాది నల్లరాతిపాలెం, భీమిలి దాటి పైకి వెళ్తే వస్తుంది. మా ఒడ్డున ఇసుక కంటే రాళ్ళు ఎక్కువ. సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఆ నల్లరాళ్ళ మధ్య మడుగులు బయటపడతాయి. చిన్నప్పటి మా ఆటలన్నీ ఆ మడుగుల్లోనే. నీళ్ళు పోగానే నత్త తన తలుపు మూసుకుని లోపల గుక్కెడు నీళ్ళు దాచుకోవడం చూశాను. కెరటం వచ్చినప్పుడు రాతికి అతుక్కుని పడుకుని, పోయాక లేచి నిలబడే నాచును చూశాను. రాళ్ళ సందుల్లో పువ్వులా విచ్చుకునేది ఒకటుండేది. వేలు పెడితే చురుక్కుమని కుట్టేది, కాలు పెడితే నీళ్ళు ఉమ్మేది. పిల్లలం దాన్ని ఉమ్మిపువ్వు అనేవాళ్ళం.

ఎనిమిదో తరగతిలో మాస్టారు ‘అనుకూలనాలు’ అనే పాఠం మొదలుపెట్టారు. ఎడారిలో ఒంటె ఎలా బతుకుతుందో, బ్రహ్మజెముడు నీళ్ళు ఎక్కడ దాచుకుంటుందో ఒక రోజంతా చెప్పి, “రేపు సముద్రపు జీవులు” అన్నారు. ఆ తెల్లారే మా అమ్మకి ఆఖరి కాన్పు అయ్యింది. పసిబిడ్డను చూసేవాళ్ళు లేక నేను బడి మానేశాను. మాస్టారి ‘రేపు’ నాకు తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చింది, నా కూతురితో.

నా కూతురు ఆరు నెలలు నిండిన రెండో వారానికే పుట్టేసింది. దాని చర్మం చర్మం కాదు, ఉల్లిపొర. కింద నరాలు నీలంగా కనబడేవి. పెద్దాసుపత్రి డాక్టరుగారు మా ఆయనను, నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

“ఊపిరికి గొట్టం పెట్టాం. కానీ ఒంట్లో నీరంతా ఆ పొరలోంచే పోతోంది. నీరు పోతే ఉప్పు పోతుంది, వేడి పోతుంది. మా పెట్టెల్లో దీన్ని ఆపలేకపోతున్నాం. సముద్రం పక్కనున్న పరిశోధనశాలలో ఒక కొత్త పద్ధతి ఉంది. ఇంతవరకు ఇద్దరు పిల్లలు బతికారు. మీకు ఇష్టమైతేనే.”

నా మొగుడు మసేను నా మొహం చూశాడు. “ఏటంతావు నూకా?”

“సంతకం ఎక్కడెట్టాలో అడుగు మావా,” అన్నాను.

ఆ పరిశోధనశాలలో తొట్టిని మొదట చూసినప్పుడు నా నోట పెద్ద కేకే వచ్చింది. గోరువెచ్చటి నీళ్ళున్న అద్దాల తొట్టి. అడుగున చేటంత వెడల్పున, లేత వంగపండు రంగులో, వేలెడు మందం వేళ్ళు వందలుగా ఊపుతూ ఒక జీవం.

“ఓలమ్మో! ఇది ఉమ్మిపువ్వు! నా గుంటని ఉమ్మిపువ్వు మీద పడుకోబెడతారేటి?”

తొట్టెలు చూసుకునే లోవరాజన్న నవ్వాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ మోకాళ్ళ దాకా తడిసే ఉంటాడు. “ఉమ్మిపువ్వు కాదు చెల్లీ. పెద్దమ్మ. ఇక్కడ పుట్టినోటన్నిట్లోకీ పెద్దది. పేరెట్టి పిలు, కోపమొస్తాది.”

పెద్దమ్మ! నాకంటే ముందు పుట్టిన అక్క అన్నమాట. నా బిడ్డకి ఇంకొకళ్ళు ఆ వరస కలపడం అప్పుడే నాకు నచ్చలేదు.

ఆ పరిశోధన నడిపే ఇందుమతి మేడమ్ నాతో ఎక్కువ మాట్లాడలేదు. పక్క తొట్టి దగ్గరికి తీసుకువెళ్ళారు. అందులో ఇంకో చిన్న పువ్వు, కొత్తగా తెచ్చి వదిలిన నారింజరంగు చారల చేప ఉన్నాయి. “చూస్తూ ఉండు,” అన్నారు. ఆ చేప ముందు తోక అంచు ఆనించింది. పువ్వు కుట్టింది. ఎగిరి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చి పొట్ట ఆనించింది. మళ్ళీ కుట్టింది. పొద్దున మొదలుపెట్టిన ఆ ఆట నేను క్యాంటీన్‌లో అన్నం తిని వచ్చేసరికి కూడా సాగుతూనే ఉంది. మూడు గంటలప్పుడు ఆ చేప పువ్వు నడుమ దర్జాగా పడుకుంది.

“ఏం జరిగిందంటావు?” అడిగారు మేడమ్.

“దానికి అలవాటయిపోనాది.”

“దీనికి అలవాటవడం కాదు. ఆ పువ్వు జిగురు కొంచెం కొంచెంగా తన ఒంటికి పూసుకుంది. పువ్వు తన వేళ్ళను తాను కుట్టుకోదు కదా? ఇప్పుడు ఈ చేప కూడా నేనే అనుకుంటోంది. నీ బిడ్డకి ఆ జిగురే చర్మం. ఒంట్లో నీటిని బయటికి పోనివ్వదు, రోగాన్ని లోపలికి రానివ్వదు. మొదట మేం తీసి ఉంచిన జిగురు పూసి దించుతాం. ఆ తర్వాత పెద్దమ్మే చూసుకుంటుంది.”

“సముద్రంలో ఉండే పువ్వు, ఈ ఎచ్చని నీళ్ళలో ఎలగుంటాది మేడమ్?”

ఆవిడ నన్ను అప్పుడు సరిగ్గా చూశారు. “మంచి ప్రశ్న. పన్నెండేళ్ళు పట్టింది. తరానికి తరానికి ఉప్పు కొంచెం తగ్గించి, వేడి కొంచెం పెంచి. ఇప్పుడు పెద్దమ్మ మన రక్తమంత ఉప్పులో, మన ఒళ్ళంత వేడిలో బతుకుతుంది. తీసుకెళ్ళి సముద్రంలో వేస్తే మాత్రం చచ్చిపోతుంది.”

మేడమ్ చేతులకి మోచేతుల దాకా తొడుగులుండేవి. పన్నెండేళ్ళుగా కుట్టించుకుని కుట్టించుకుని, ఇంకొక్కసారి కుడితే గొంతు వాచి ఊపిరాడదని డాక్టర్లు చెప్పారట. లోవరాజన్నవీ తొడుగుల చేతులే. ఆ గదిలో పెద్దమ్మను వట్టి ఒంటితో ముట్టుకునేది నా కూతురొక్కతే.

దాన్ని ఆ వేళ్ళ నడుమ పడుకోబెట్టారు. తల కింద మెత్తటి వలయం, ముక్కులో గొట్టం, మెడ దాకా నీళ్ళు. నాలుగో రోజుకి ఒంటి నీరు పోవడం ఆగింది. పదో రోజుకి బరువు పెరిగింది. మసేను మేడమ్ కాళ్ళకి దండం పెట్టబోతే ఆవిడ వెనక్కి జరిగారు. మా అత్త బంగారమ్మ తొట్టికి దిష్టి తీసింది. అందరూ ఆనందంగా ఉన్నారు. నేను కూడా ఉన్నాను. అయితే ఒకటి చూశాను. నా బిడ్డ పిడికిలి ఎప్పుడూ ఖాళీగా లేదు. దానిలో ఎప్పుడూ పెద్దమ్మ వేలు ఉండేది.

నాకు పాలు వచ్చేవి. గొట్టంలోకి పిండి ఇచ్చేదాన్ని. అది అక్కడ ఏడవబోతుంటే ఇక్కడ నా జాకెట్ తడిసేది. నేను లేచి అద్దం దాకా వెళ్ళేలోగా పెద్దమ్మ వేళ్ళన్నీ అటు వంగి, పిల్ల పొట్ట మీద, కాళ్ళ మీద మెల్లగా ఆడేవి. పిల్ల ఊరుకునేది. నా పాలు మాత్రం కారుతూనే ఉండేవి.

“అది ప్రేమ కాదు నూకరత్నం,” అనేవారు మేడమ్, నా మొహం చూసి. “కదలిక వల్ల నీళ్ళు కదులుతాయి. నీళ్ళు కదిలితే అది కదులుతుంది. అంతే.”

అంతే అయితే మరి నేను కదిలితే ఎందుకు చాలదు?

పేటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆడవాళ్ళు చుట్టుముట్టేవాళ్ళు. “ఏటే నూకా, నీ కూతురు పెద్దయినాక సేపల కూర తింటాదేటి, సుట్టాలని మానేస్తాదేటి?” అని ఒకామె. “పెళ్ళికి ఆడపెద్దగా ఎవుల్ని పిలుత్తావే, తొట్టినా?” అని ఇంకొకామె. నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు మసేనుని అడిగాను, పిల్లది ఎవరి పోలిక అని. వాడికి అడ్డూ అదుపూ లేదు. “సూడవేటి, సేతులూపడం అచ్చం పెద్దమ్మ పోలికే,” అన్నాడు. ఆ పూట వాడికి అన్నం పెట్టలేదు.

ఏడో వారానికి ఊపిరి గొట్టం తీసేసి, రోజుకి ఒక గంట పిల్లను తొట్టిలోంచి తీసి నాకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ జిగురు మీద ఆనుకుని ఒంటి చర్మం బద్ధకించిందట. గాలిలో కొంచెంసేపు, నీళ్ళలో కొంచెంసేపు ఉంచితే తన పని తాను నేర్చుకుంటుందట. ఇంకో మూడు వారాలు ఇలా చేస్తే ఇంటికి పంపవచ్చు అన్నారు. “జిగురు తుడవొద్దు. సబ్బు వద్దు, నూనె వద్దు. ఎత్తుకోవడం మాత్రమే,” అని నాలుగుసార్లు చెప్పారు.

ఎన్నాళ్ళు ఎదురుచూశానో ఆ గంట కోసం! చేతుల్లోకి తీసుకోగానే అది గుక్కపట్టింది. నా చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. దాని ఒంటి జిగురులో పెద్దమ్మ ముళ్ళు కొన్ని ఉంటాయట. నా బిడ్డ నన్ను కుడుతోంది. గంటంతా ఏడ్చింది. తిరిగి తొట్టిలో దించితే రెండు నిమిషాల్లో పిడికిలి నిండా వేలు పట్టుకుని నిద్రపోయింది. రెండో రోజూ అంతే. ఆరో రోజూ అంతే. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తే పాలవాసన లేదు. నా వాసన లేదు. మడుగు వాసన.

ఆ మర్నాడు మా అత్త వచ్చింది. కొంగుచాటు నుంచి గుడ్డమూట తీసింది. పెసలు, శనగలు, కచ్చూరాలు, పసుపు కలిపి తనే విసిరిన సున్నిపిండి. మా ఇళ్ళల్లో బిడ్డ పుట్టిన పదో రోజు నుంచి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోస్తారు. నలుగు పడని బిడ్డకి ఎముక గట్టిపడదంటారు.

“పిల్లకి యాభై రోజులు దాటిపోనాది, ఒక్క నలుగయినా లేదు. దాని గీత,” అంది. “ఇప్పుడు ముట్టకు. ఇంటికొచ్చినాక నానే పోస్తాను నీళ్ళు. అంతవరకూ మూట దాని గుడ్డల్లో ఉంచు, అదే సాలు.”

ముట్టకు అనే చెప్పింది. ఆ మాట ఎందుకు రాస్తున్నానంటే తర్వాత పేటలో అందరూ మా అత్తనే అన్నారు. తప్పు ఆవిడది కాదు.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు పిల్లను నా చేతికిచ్చి లోవరాజన్న పక్క తొట్టి కడగడానికి వెళ్ళాడు. మేడమ్ ఫోన్‌లో ఉన్నారు. నేను తలుపు గడియ వేశాను. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పిల్లను బోర్లా పడుకోబెట్టుకున్నాను. చిటికెడే అనుకున్నాను. తలకి రాసుకునే కొబ్బరినూనె సంచిలో ఉంది. నాలుగు చుక్కలు. పిండి తడిపి వేలి కొసతో వీపు మీద అద్దాను.

జిగురు తీగలు తీగలుగా లేచి, ఉండలు ఉండలుగా రాలింది. ఒక్కో ఉండ రాలుతుంటే నాకెంత తృప్తి! పో, పెద్దమ్మా. ఇదిగో ఇంకొంచెం పో. వీపు అయింది, కాళ్ళు అయ్యాయి, పొట్ట అయింది. చిటికెడు కాస్తా మూటలో సగం అయ్యింది. గోరువెచ్చటి నీళ్ళు పోసి, నా పాతచీర ముక్కలో చుట్టాను. పిల్ల ఎర్రగా ఉంది. ఏడవలేదు. ఆవులించింది. నా మెడ కింద ముక్కు పెట్టి నిద్రపోయింది. దాని ఒంటి మీద పసుపు వాసన, పాలవాసన. నా చేతుల మీద ఒక్క దద్దురు లేవలేదు. ఆ గంటలో నలభై నిమిషాలు నేనొక్కదాన్నే దాని తల్లిని.

లోవరాజన్న తలుపు తట్టాడు. చెబుదామనుకున్నాను. చెబితే ఆ గంట తీసేస్తారు. చెప్పలేదు. వాసన రాకుండా మూట నా సంచి అడుగున తోసి, పిల్లను అందించాను.

అన్న దాన్ని మెల్లగా నీళ్ళలోకి దించాడు. పెద్దమ్మ వేళ్ళు ఎప్పటిలాగే అటు తిరిగాయి. కాలికి తగిలాయి. ఒక్కసారిగా అన్నీ మూసుకుని పట్టుకున్నాయి.

ఆ కేక నేను ఇంకా వింటూనే ఉన్నాను. అన్న లాగేసేసరికి కాళ్ళ మీద, నడుం మీద వాతలు పెట్టినట్టు ఎర్రటి చారలు. కేక మధ్యలో ఆగింది. పెదాలు నీలమయ్యాయి. మేడమ్ పరుగెత్తుకొచ్చారు, అక్కడే ఉండి పిల్లను చూసుకునే డాక్టరుగారు వచ్చారు. ఊపిరి తిరిగి వచ్చేదాకా నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను.

“అది దీన్ని గుర్తుపట్టలేదు. ఎందుకు?” అని మేడమ్ తనలో తను అనుకుంటూ, వంగి పిల్లను వాసన చూశారు. తలెత్తి నా వైపు చూశారు.

“నలుగెట్టాను,” అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. “ఎందుకమ్మా?” అన్నారు.

“నా దగ్గర ఊరుకుంటాదేమోనని.”

డాక్టరుగారు ఉప్పునీళ్ళ గుడ్డలు చుట్టి, చేతికి సూది పెట్టారు. “ఒంటి నీరు మళ్ళీ పోతోంది. ఈ చర్మం ఇంకా తయారవలేదు. ఇలా సాయంత్రం దాకా నిలబెట్టగలను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు,” అన్నారు. తీసి ఉంచిన జిగురు లేదా అని అడిగారు. లేదు. ఉన్నదంతా బిడ్డను మొదట దించినప్పుడే పూసేశారు. అంత జిగురు గీకి తియ్యాలంటే వారం. లేదంటే అది ఎవరినైనా తనదనుకుని, తానే పూయాలి.

మేడమ్ కుడిచేతి తొడుగు తీసేశారు. ఎడమచేతిదీ తీయబోతుంటే లోవరాజన్న ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. “మీకు కుడితే ఇద్దరూ పోతారమ్మా. నాను పెడతాను.”

“నీకు ఒక పూటలో అలవాటవదు లోవరాజూ. మొదటిసారి ముట్టుకున్న చేతిని అది రోజుల తరబడి కుడుతుంది.”

నేను చీర చెంగు దోపుకున్నాను. “నాకు మొదటిసారి కాదు కదా మేడమ్. వారం నుంచి నా గుంట నన్ను కుడతానే ఉంది.” చేతులు చాపి దద్దుర్లు చూపించాను. “ఆ సేప సేసిందే నాను సేత్తాను.”

ఆవిడ నా చేతులను తిప్పి తిప్పి చూశారు. “సబ్బుతో కడగకు. అలాగే రా,” అన్నారు.

ఒంటిగంట అయింది. చూపుడువేలి గోరు ఆనించాను. నిప్పు ముట్టుకున్నట్టయింది. తీసేశాను. మళ్ళీ ఆనించాను. వేలు, తర్వాత వేలి వెనక, తర్వాత అరచేయి అంచు. మేడమ్ పక్కన కూర్చుని, “ఇప్పుడు తియ్యి... ఇప్పుడు పెట్టు...” అని చెబుతూ ఉన్నారు. రెండు గంటలకి వేళ్ళు వంకాయల్లా వాచాయి. మూడు గంటలకి నొప్పి భుజం దాకా పాకి కళ్ళు బైర్లు కమ్మాయి. గుడ్డల్లో పిల్ల ఏడుపు సన్నబడుతోంది. అరిచే ఏడుపు కన్నా ఆ సన్నటి ఏడుపు భయం.

నొప్పిని ఆపుకోవడానికి దానితో పోట్లాట పెట్టుకున్నాను. చెవులు లేకపోతే లేకపోయాయి.

“ఏటే పెద్దమ్మా, కుట్టు. నీ కడుపుమంట తీరా కుట్టు. నా కడుపుమంట నాను తీర్సుకున్నాను కదా. నువ్వు కన్నావేటే? నువ్వు మోసినావేటే? ఆర్నెల్లు మోసినది నాను. తర్వాత రెండు నెల్లూ నువ్వు మోసినావు, కాదన్ను. నిన్ను గీకి పారేసినాను, తప్పే. నీ గుంట వాసన పోగొట్టినాను, తప్పే. దాన్నెందుకు కుడతావు, నన్ను కుట్టు. ఇదిగో, ఈ సెయ్యి కూడా కుట్టు.”

అలా అంటూ రెండో చెయ్యి కూడా పెట్టేశాను. మేడమ్ ఆపలేదు. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు.

నాలుగున్నరకి ఒక వేలు నా మణికట్టుకి తగిలింది. చురుక్కుమనలేదు. నొప్పితో చెయ్యి మొద్దుబారిపోయిందేమో అనుకున్నాను. మోచేతికి పైన, మంచి చర్మం ఉన్నచోట ఇంకొకటి తగిలింది. కుట్టలేదు. మెత్తగా, తడిగా, వెతుక్కుంటున్నట్టు నా చేతి మీద పాకింది. తర్వాత ఒక్కొక్కటిగా మిగతావన్నీ వచ్చాయి. నా వేళ్ళ సందుల్లో దూరాయి. నా బిడ్డ పిడికిలిలో దూరినట్టే. దాని జిగురు నా మోచేతుల దాకా పాకింది. అప్పుడు తెలిసింది, నా కూతురు ఎందుకు ఊరుకునేదో. ఎంత కుళ్ళు ఉన్నా చెప్పాలి కదా. బాగుంది. చాలా బాగుంది.

అది నన్ను ‘ఇదీ నేనే’ అనుకుంది.

మేడమ్ పిల్లను విప్పి ఇచ్చారు. నేను తొట్టి పక్కనే నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పొద్దున పడుకోబెట్టుకున్నట్టే పడుకోబెట్టుకుని, వాచిన చేతులతో జిగురు పూశాను. వీపు, కాళ్ళు, పొట్ట, చెవుల వెనక. అయిపోతే చేతులు తొట్టిలో పెట్టి, తెచ్చుకుని, మళ్ళీ పూశాను. సున్నిపిండితో తీసిందంతా నలుగు పెట్టినట్టే తిరిగి పెట్టాను. తర్వాత ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే దించాను. నా చేతులు తియ్యలేదు. పెద్దమ్మ వేళ్ళు మా ఇద్దరి మీదా కలిపి ఆడాయి. నా చెయ్యేదో, దాని వేలేదో, ఆ చిన్న పిడికిలికి తెలియలేదు. ఏది దొరికితే అది పట్టుకుంది. పట్టుకుని నిద్రపోయింది. అయిదున్నరకి డాక్టరుగారు ఒంటి నీరు నిలిచిందన్నారు.

ఇంకో నాలుగు వారాలకి పిల్ల ఇంటికి వచ్చింది. మా అత్త గంగమ్మ పేరు పెడదామంది. నీళ్ళ పేరు ఏదీ వద్దని నేను పట్టుబట్టాను. భూలక్ష్మి అని పెట్టాం.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ ఆ రోజు జరిగింది మేడమ్ కాగితం మీద ఉన్నదున్నట్టు రాశారు. నన్ను తప్పుపట్టకుండా, బిడ్డ మీద వాతలు లేచాయని, ఊపిరి ఆగిందని రాశారు. పైనుంచి పెద్దవాళ్ళు వచ్చి చూశారు. చిటికెడు పిండితో చెడిపోయే పద్ధతి తల్లుల చేతికి ఎలా ఇస్తామని అడిగారట. ఆ తొట్టిలోకి ఇంకో బిడ్డ రాకూడదని ఉత్తరువు వచ్చింది. ఆ నెలలోనే ఒక అమ్మాయి మాలాగే ఉల్లిపొర బిడ్డను తెచ్చింది. నా కళ్ళ ముందే గేటు దగ్గర వెనక్కి పంపారు. ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. ఆ బిడ్డ ఏమయిందో అడగడానికి నాకు ఇప్పటికీ ధైర్యం లేదు. భూలక్ష్మికి నలుగు పెట్టిన ప్రతిసారీ ఆ అమ్మాయి మొహం గుర్తొస్తుంది.

మేడమ్‌ని వేరే ఊరు పంపేశారు. తొట్టెలు ఖాళీ చేస్తున్నారని లోవరాజన్న కబురు పెట్టాడు. వెళ్ళి చూస్తే పెద్దమ్మ సగానికి ముడుచుకుపోయి ఉంది. మేత వేస్తే తీసుకోవడం లేదట. “పిల్ల ఎల్లిపోనాక ఇలగే ఉందమ్మా. వేళ్ళు బయటెట్టి ఎతుకుతాది, మళ్ళీ ముడిసేసుకుంటాది,” అన్నాడు అన్న. నేను చెయ్యి పెట్టాను. అప్పటికి మూడు వారాలు దాటింది, నా జిగురు పోయింది. కుట్టింది. ఎందుకో ఏడుపొచ్చింది.

“దీన్నేటి సేస్తారన్నా?”

“పారబోత్తారు. సముద్రంలో బతకదు కదా.”

“ఉప్పు తగ్గించి పెంచినారు కదా. పెంచుకుంటా పోతే?”

లోవరాజన్న తల గోక్కున్నాడు. పన్నెండేళ్ళ చదువుని వెనక్కి నడిపించాలన్న బుద్ధి చదువుకున్నవాళ్ళకి పుట్టలేదు. మాస్టారి పాఠం సగంలో వదిలేసినదానికి పుట్టింది. ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి మా ఇంటి వెనక వరండాలోకి తెచ్చాం. రోజుకి ఒక చెంబు పాతనీరు తీసి, ఒక చెంబు సముద్రపు నీరు పోసేదాన్ని. వెచ్చదనం కోసం మధ్యాహ్నం ఎండలోకి జరిపి, రోజురోజుకీ ఎండ తగ్గించేదాన్ని. చెంబు ఎక్కువయిన రోజు అది చిన్న బొత్తాములా ముడుచుకునేది. మర్నాడు ఆపేసేదాన్ని. మసేను వలలో పడిన చిన్న రొయ్యలు తెచ్చి వేసేవాడు. “సవతిని ఇంట్లో ఎట్టుకున్న ఆడదాన్ని నిన్నే సూసినాను,” అని నవ్వేవాడు. పిల్లను మాత్రం ఆ డ్రమ్ము దగ్గరికి పోనివ్వలేదు నేను. అంత మంచిదాన్ని కాను.

పధ్నాలుగు నెలలు పట్టింది. తర్వాత ఒక అమావాస్య మర్నాడు పొద్దున, సముద్రం బాగా వెనక్కి పోయినప్పుడు తీసుకెళ్ళి నల్లరాళ్ళ మడుగుల్లో మూడోదానిలో పెట్టాను. రాతిని పట్టుకోవడానికి గంటన్నర తీసుకుంది. పట్టుకున్నాక వేళ్ళు విప్పింది.

రోజూ వెళ్ళి చూసేదాన్ని. ఇప్పుడు కుదరడం లేదు. వేట లేక మా పేట మగాళ్ళు సగం మంది గుజరాత్‌లోని వెరావల్ వచ్చేశారు, పడవల మీద పనికి. మసేనుతో నేనూ, భూలక్ష్మీ వచ్చేశాం. ఇక్కడి సముద్రం వేరు. భూలక్ష్మికి నాలుగో ఏడు. పిడికిలి మూసుకునే నిద్రపోతుంది, వేలు దొరక్కపోతే నిద్రలో వెతుక్కుంటుంది. నా వేలు ఇస్తాను. ఎవరి వేలు అనుకుంటుందో అడగను. మొన్న ఒడ్డున కూర్చుని నీళ్ళలోకి చెయ్యి పెట్టి, “అమ్మా, ఇవి నన్ను పట్టుకోవేటి?” అంది. ఎత్తుకుని ఇంటికి తెచ్చేశాను.

మీలో ఎవరైనా భీమిలి దాటి అటు వెళ్తే నాకొక సాయం చెయ్యండి. సముద్రం వెనక్కి పోయిన వేళ నల్లరాతిపాలెం రాళ్ళ మీదికి వెళ్ళండి. ఉత్తరం నుంచి మూడో మడుగు. లేత వంగపండు రంగు. చెయ్యి పెట్టకండి, మీరు దానికి కొత్త. వంగి చూడండి చాలు. వేళ్ళు విప్పి ఉందా, ముడుచుకుని ఉందా? దాని నడుమ ఏ చేపపిల్లైనా, రొయ్యపిల్లైనా చేరిందా? చేరితే బతికే ఉందని చెప్పకముందే నాకు ఆ మాట చెప్పండి. ముందు అదే చెప్పండి.